సుద్దగీత చెరగకుండా

రాళ్ళ కార్ఖానాలో ముప్పై ఏళ్ళు కోతయంత్రం నడిపిన మేస్త్రి ఇప్పుడు నాలుగు మెట్లెక్కితే ఆయాసపడుతున్నాడు. ఆయన చిన్నకూతురు కాలేజీలో పరిశోధన వ్యాసం రాస్తోంది. రాతిపొడితో ఊపిరితిత్తులు పాడవడం సమస్య. పొడి లేవకుండా, కోసేచోట నీళ్ళు పడేలా యంత్రానికి గొట్టం బిగించడం పరిష్కారం. తండ్రి మంచం పక్కన కూర్చుని అంతా చదివి వినిపించింది.

"మూడు నెలలు కుస్తీపట్టి గొట్టం కనిపెట్టావా తల్లీ? అది యంత్రంతోపాటే వచ్చింది," అన్నాడు మేస్త్రి. "నీళ్ళు రాకుండా మేమే కట్టేసేవాళ్ళం. నీళ్ళు పడితే కోతకోసం రాతిమీద గీసుకున్న సుద్దగీత చెరిగిపోతుంది. గీత లేకపోతే కోత వంకరపోతుంది."

"మరి చెరగని గీత గీసుకోలేకపోయారా నాన్నా?"

ఆయన మంచంపట్టె మీద గోటితో గీరి చూశాడు.

"మేకుతో గీరితే సరిపోయేదేమో," అన్నాడు.

ఆమె పెరట్లోంచి ఓ రాతిపలకా, ఒక మేకూ తెచ్చింది. ఆయన తిన్నగా ఓ గీత గీరాడు. ఆమె చెంబుడు నీళ్ళు పోసింది. గీత చెక్కుచెదరలేదు.

"పరిష్కారం దగ్గర నీ పేరు రాస్తాను నాన్నా."

"సమస్య దగ్గర కూడా రాయి. మీ బాబాయికి పని నేర్పింది నేనే. మొదటిరోజే నీళ్ళు కట్టెయ్యమన్నాను."

రాతిపొడి తెచ్చిన దగ్గుతోనే బాబాయి పోయి అప్పటికి ఎనిమిది నెలలు. ఆమె కలం పట్టుకుని ఊరికే కూర్చుంది.

"నువ్వు రాస్తావా, నన్ను రాయమంటావా?" అన్నాడాయన.

ఆమే రాసింది. ఆ వాక్యం పూర్తయ్యేదాకా మేస్త్రి కాగితం మీంచి చూపు తిప్పలేదు.