బతికినవాళ్ళ రంగు

బొమ్మలాయన జన్మలో గెలిచిన తగాదా ఒక్కటే. దానికి సాక్షి వాళ్ళక్క. మిగతావన్నీ ఓడిపోయాడు: పెళ్ళాం దగ్గర, అక్క దగ్గర, దర్జీ దగ్గర, ఆఖరికి కూరల కొట్లో తన తర్వాత వచ్చి తన ముందు నిలబడేవాళ్ళ దగ్గర కూడా. అందుకే ఆ ఒక్క గెలుపునూ అక్క ఇన్నేళ్ళుగా దొరికినవాళ్ళకల్లా చెప్పుకుంటూ వచ్చింది.

ఆ రోజు తమ్ముడు కళ్ళజోడు ఇంట్లో మరిచిపోతే ఇవ్వడానికి ఆవిడ దుకాణానికి వెళ్ళింది. అది యుద్ధాల బొమ్మలు అమ్మే దుకాణం. తలలు నెరిసిన పెద్దమనుషులు బల్లమీద కొండలూ ఏరులూ పరుచుకుని, ఎప్పుడో ముగిసిపోయిన యుద్ధాలను సీసపు సైనికులతో మళ్ళీ ఆడుకునే ఆట ఒకటుంది. ఒక్కో సైనికుడు బొటనవేలంత, వాడి మొహం మిరియపు గింజంత. ఆ గింజమీద కళ్ళూ, ముక్కూ, ముక్కుమీద పడ్డ ఎండా రంగుల్లో పెట్టడం తమ్ముడి పని. "పనిలేనివాళ్ళందరికీ కలిపి పనున్నవాడివి నువ్వొక్కడివేరా" అని అక్క దెప్పేది. అతను నవ్వి ఊరుకునేవాడు.

ఆవిడ వెళ్ళేసరికి కౌంటరు దగ్గర ఒకాయన ఎగిరిపడుతున్నాడు. దుకాణంలో ఆయన్ని జనరల్ అంటారు. నిజానికి తపాలా ఆఫీసులో కవర్లమీద ముద్రలు గుద్దాడే తప్ప, తుపాకీ ముట్టుకున్న పాపాన పోలేదు.

"ఇదేమిటయ్యా? ఒకే పటాలం. ఇరవైమంది మొహాలకు ఇరవై రంగులు పూశావు. ఒక్క సీసా నిండా రంగు కలుపుకోవడం చేతకాదా?"

తమ్ముడు అక్క చేతిలోంచి కళ్ళజోడు తీసుకుని పెట్టుకున్నాడు. "ఒక్క నిమిషం బయటికి రండి సార్" అన్నాడు.

ఎదురుగా బస్సుకోసం పదిమంది వరసలో నిలబడి ఉన్నారు.

"ఆ గొడుగాయన చెవులు చూడండి. వెనకనుంచి ఎండ పడి ఎర్రగా లేవూ? మెడ చూడండి, మొహంకంటే ఎంత నలుపో. ఆ సంచీ అమ్మగారి కళ్ళకింద చూడండి, కాస్త నీలం. ముక్కు పక్కన పసుపు. వీళ్ళంతా ఒకే బస్సుకేగా నిలబడ్డారు?"

సంచీ ఆవిడ ఊరుకునే రకం కాదు. "ఏమిటయ్యా ఆ చూపులు? గొడ్లను బేరమాడుతున్నట్టు?"

"తప్పుగా అనుకోకండమ్మా. మీ మొహంలో అయిదు రంగులున్నాయని చెప్తున్నాను."

"పొద్దున కడుక్కునే వచ్చానే!"

వరసంతా గొల్లుమంది. జనరల్ మొహం కందగడ్డయింది. తమ్ముడు ఆయనకేసి తిరిగి నెమ్మదిగా అన్నాడు: "మీరు లోపలికొచ్చినప్పుడు మీకు నాలుగే ఉన్నాయి సార్. ఇప్పుడే అయిదోది వచ్చింది."

జనరల్ కాసేపు బుసలు కొట్టి, పెట్టె చంకన పెట్టుకుని, పోతూ పోతూ ఇంకో నలభైమంది గుర్రపు సైనికులకు పని చెప్పి పోయాడు. అదీ గెలవడమంటే.

తమ్ముడు ఎక్కువ మాట్లాడేవాడు కాదు. మాట్లాడితే ఎరుపు గురించి మాట్లాడేవాడు. ముందు కంటిగుంటల్లో, గడ్డంకింద ముదురు మట్టిరంగు. దానిమీద ఒంటిరంగు. ఎముక పైకి తేలినచోట వెలుగు. అన్నీ అయ్యాక, నీళ్ళలా పలచబరిచిన ఎరుపు చెవి అంచుకూ, ముక్కు కొసకూ, కింది పెదవికీ, వేళ్ళ కణుపులకూ తాకీ తాకనట్టు. "ఎరుపు పైన పూసేది కాదక్కా. లోపల్నుంచి వచ్చినట్టుండాలి. అదొస్తేనే వాడు ఊపిరి తీస్తాడు" అనేవాడు.

ఆ రంగు సరిపోయిందో లేదో కాగితంమీద చూసుకునేవాడు కాదు. పెళ్ళాం చేతిమీద చూసుకునేవాడు. బల్లదీపం కింద ఆమె చెయ్యి చాపితే, మణికట్టు పైన చిన్న చుక్క పెట్టేవాడు. చుక్క కనిపించకుండా పోతే రంగు కుదిరినట్టు. ముదురు రంగు మనుషులకైనా, లేత రంగు మనుషులకైనా ఆ చెయ్యే మొదలు, అక్కణ్ణుంచే అటూ ఇటూ జరిగేవాడు. ఆమె బస్సు డిపోలో టికెట్లిచ్చేది. కిటికీలోంచి చెయ్యి బయటపెడితే తేలీ తేలని చుక్కలు. "ఏమ్మా, ఇది అంటుతుందా?" అని జనం చిల్లర తీసుకోవడానికి కూడా వెనకాడేవాళ్ళు.

"వదినా, మీ తమ్ముడు నన్ను పెళ్ళి చేసుకోలేదు, రంగులు కలిపే పలకను చేసి బల్లమీద పెట్టుకున్నాడు" అని ఆమె మొత్తుకునేది.

"నీ చేతికైనా పనుంది. నా మాటకైతే అదీ లేదు వాడి దగ్గర" అనేది అక్క.

ఆ మరదలు నాలుగే నాలుగు రోజుల జ్వరంతో, ఊపిరితిత్తుల్లో నెమ్ము చేరి, ఒక తెల్లవారుజామున ఆసుపత్రి మంచంమీద పోయింది. వ్యాను రావడానికి మధ్యాహ్నం దాటింది. అంతసేపూ తమ్ముడు స్టూలుమీద కూర్చుని ఆమె చెయ్యి పట్టుకునే ఉన్నాడు. అక్క పిలిస్తే పలకలేదు, నీళ్ళిస్తే తాగలేదు. చేతినే చూస్తున్నాడు. పాపం, వదల్లేకపోతున్నాడనుకుంది ఆవిడ.

తర్వాత వారానికి చెప్పాడు, గోడకేసి చూస్తూ.

"ఆసుపత్రిలో నేను ఏడవలేదక్కా. రంగులు కలుపుతూ కూర్చున్నాను."

"ఏం కూతలు రా అవి?"

"మనసులోనే. ముందు చెవి తమ్మెలు మైనంలా అయ్యాయి. తర్వాత పెదవులు. గోళ్ళకింద నీలం. నా కన్ను తనంతట తాను లెక్క కడుతోంది: తెలుపు ఇంత, మట్టి ఇంత, నీలం ఇంత. ఆపుదామన్నా ఆగలేదు. నేనేం మనిషినక్కా?"

అక్క నోటికి అడ్డూ ఆపూ లేదని లోకమంతా చెప్పుకుంటారు. ఆ పూట ఆవిడ లేచి వెళ్ళి, అన్నం కలిపి తెచ్చి వాడి ముందు పెట్టింది.

మూడు నెలలకు మ్యూజియంవాళ్ళ పని వచ్చింది. పాతకాలంలో ఒక సైన్యం నది దాటుతూ దెబ్బతిన్న కథ, గాజుపెట్టెలో. మొత్తం నూట ఎనభైమంది సైనికులు, అందులో ఇరవై ఇద్దరు ఒడ్డున పడిపోయినవాళ్ళు. ఆ పనితో తమ్ముడు మళ్ళీ మనుషుల్లో పడతాడని అక్క సంబరపడింది. పైఅంతస్తులో తన వాటాకు తాళం వేసి, రోజూ కిందికి దిగి వాడికింత వండి పెట్టింది.

అతను పడిపోయినవాళ్ళతోనే మొదలుపెట్టాడు. ఆ ఇరవై ఇద్దరినీ చూసి మ్యూజియం మేడమ్ కుర్చీలో కూలబడింది. "నేను పుస్తకాల్లో చాలా చూశానండీ. ఇలా ఎవరూ వెయ్యలేదు" అంది. దుకాణం యజమాని కళ్ళు తుడుచుకున్నాడు. తమ్ముడు మాత్రం బ్రష్షు కడుక్కుంటూ తల ఎత్తలేదు.

రెండు నెలల తర్వాత మిగతా నూట యాభై ఎనిమిదిమందినీ ట్రేలలో సర్ది దుకాణానికి తీసుకెళ్ళాడు. సాయంగా అక్క కూడా ఒక ట్రే పట్టుకుని వెళ్ళింది. మేడమ్ మూత తీసి, భూతద్దం పెట్టి, చాలాసేపు చూసింది.

"వీళ్ళు కూడా పడిపోయినవాళ్ళేనా? పరిగెడుతున్నట్టున్నారే?"

"వీళ్ళు బతికున్నవాళ్ళండీ" అన్నాడు తమ్ముడు.

యజమాని గొంతు సవరించుకున్నాడు. "మాస్టారూ, కోట్లు అద్భుతంగా ఉన్నాయి. బొత్తాములు కూడా. మొహాలకే కాస్త ఎరుపు..."

"ఎరుపుంది. అంతకంటే వేస్తే నాటకాలవాళ్ళలా అవుతారు. మనుషులు అలా ఉండరు."

"ఉంటారు మాస్టారూ. మీరే నేర్పారు మాకు."

తమ్ముడు దుకాణం అద్దంలోంచి బయటికి చూశాడు. ఈసారి ఎవర్నీ బయటికి రమ్మనలేదు. అక్క ట్రేలోకి తొంగి చూసింది. ఆవిడకు కళ్ళజోడు లేకపోయినా తెలిసింది. నూట యాభై ఎనిమిదిమందీ తుపాకులెత్తుకుని, నోళ్ళు తెరుచుకుని, జెండాలు పట్టుకుని పరిగెడుతున్నారు. ఒక్కడిలోనూ ప్రాణం లేదు. అన్నీ మరదలి మొహాలే.

అక్క అతన్ని కళ్ళ డాక్టరు దగ్గరికి లాక్కెళ్ళింది. కంట్లో ఏదైనా పొర కమ్మి ఉంటే కోయించుకోవచ్చని ఆవిడ ఆశ. డాక్టరు రంగుచుక్కల పుస్తకం తెరిచి అంకెలు చదవమన్నాడు. తమ్ముడు ఒక్కటి తప్పకుండా చదివేశాడు. కళ్ళు భేషుగ్గా ఉన్నాయన్నాడు డాక్టరు. అంత మంచి కబురు విని కుంగిపోయిన మనిషిని ఆ డాక్టరు అదివరకు చూసి ఉండడు.

దార్లో తమ్ముడు మెల్లగా అన్నాడు: "వీధిలో అందరూ పైన రంగు పూసుకున్నట్టున్నారక్కా. కింద మాత్రం ఆ రంగే ఉంది."

మర్నాడు పొద్దున్నే అక్క బల్లదీపం వెలిగించి, జాకెట్టు చేతులు పైకి మడిచి, తన చెయ్యి దాని కింద పెట్టింది. "కలుపు. నాకు సరిపోయేదాకా కలుపు. చెయ్యి నొప్పెడితే తిడతాను తప్ప తియ్యను."

అతను కలిపాడు. గంటసేపు కలిపాడు. మట్టిరంగు, తెలుపు, కాస్త పసుపు. ఎరుపు సీసా మూత తీశాడు, కొసతో ముంచాడు, గుడ్డకు తుడిచేశాడు. మళ్ళీ ముంచాడు, మళ్ళీ తుడిచేశాడు. చివరికి ఆవిడ మణికట్టుమీద ఒక చుక్క పెట్టి, వంగి చూసి, "కుదిరింది. కనిపించడం లేదు" అన్నాడు.

అది ఆవిడ చర్మంమీద బూడిదచుక్కలా తెలిసిపోతోంది.

"నేను మూడో తరగతితో బడి మానేసినదాన్నే కావచ్చు. అయినా శవానికీ మనిషికీ తేడా తెలుసురా నాకు. నా చెయ్యి నీకు శవం చెయ్యిలా ఉందా?"

అతను ఆవిడ చేతిని రెండు చేతులతో పట్టుకుని చూస్తూ కూర్చున్నాడు, ఆసుపత్రిలో కూర్చున్నట్టే. ఆవిడకు భయం వేసింది. చెయ్యి వెనక్కి లాక్కోవాలనిపించింది. తియ్యనని మాట ఇచ్చింది గనక తియ్యలేదు.

పదిరోజులు అతను బ్రష్షు ముట్టలేదు. తర్వాత యజమాని కబురు పెట్టాడు: కోట్లూ గుర్రాలూ అలాగే ఉంచి, మొహాలు మాత్రం వేరే చేతికి ఇస్తారట. పేరు మాత్రం మాస్టారిదే వేస్తారట. తమ్ముడు ఆ కాగితాన్ని రెండుసార్లు చదివి మడిచాడు. "పేరు వద్దని చెప్పక్కా" అన్నాడు. అలాగేనంది.

ఆ మధ్యాహ్నం అతను బల్లమీద చిన్న బేసిను, స్పిరిట్ సీసా, పాత పళ్ళబ్రష్షు, దూది పుల్లలు వరసగా పెట్టాడు. దుకాణంనుంచి ట్రేలు తెచ్చాడు. కుర్చీ మాత్రం అక్క వైపుకు జరిపాడు.

"నేను చెయ్యలేనక్కా. వాళ్ళు నాకు బాగానే కనిపిస్తున్నారు. బాగానే ఉన్నవాళ్ళని ఎలా చెరిపేది? నువ్వు చెయ్యి. పుల్లకు స్పిరిట్ అద్ది, మొహాలూ చేతులూ తుడు. కాలరు దాకానే, కోట్లకు తగలనివ్వకు. నూట యాభై ఎనిమిదిమంది."

"మరి ఆ ఇరవై ఇద్దరు?" అందావిడ.

"వాళ్ళ జోలికి పోకు" అన్నాడు తమ్ముడు. "వాళ్ళు సరిగ్గానే వచ్చారు."