ఇరవై నిమిషాల హోరు

బండి వీధి మలుపు తిరగకముందే వెండెల్‌కు దాని జబ్బు వినిపించింది. నడుం కింద వేడినీళ్ల సంచి పెట్టుకుని సోఫాలో పడుకుని ఉన్నాడు. ఎనిమిది సిలిండర్ల ఇంజిన్ గొంతు కింద, గోడగడియారంలా ఏదో సన్నగా టిక్కుటిక్కుమంటోంది. ఇంజిన్ రెండు చుట్లు తిరిగితే ఒక టిక్కు. అంటే కింద బేరింగుల గోల కాదు, పైన వాల్వుల వైపుది. కళ్లు తెరవకుండానే అంత తెలిసిపోయింది. తెలిసిపోయినందుకు విసుగొచ్చింది.

"ఆర్లో వచ్చినట్టున్నాడు," అంది భార్య మార్వా వంటింట్లోంచి.

"వచ్చాడు. ఒంట్లో బాలేదు."

"ఆర్లోకా?"

"బండికి."

అది 1970 నాటి షెవెల్ కారు. ముదురాకుపచ్చ రంగు, మూతి మీద రెండు తెల్లచారలు. వెండెల్ పాత స్నేహితుడు ఆర్లో దాన్ని పడుచుతనంలో కొన్నాడు, పెళ్లిచూపుల్లాంటివన్నీ అందులోనే కానిచ్చాడు. కిందటి ఆకురాలు కాలంలో దాని ఇంజిన్ మొత్తం విప్పి, అరిగినవన్నీ మార్చి బిగించింది వెండెలే. ఇదే నా కడపటి ఇంజిన్ అని చెప్పి మరీ చేశాడు. అంతకుముందు చేసినవాటికీ అదే మాట చెప్పాడని మార్వా దెప్పుతుంటుంది. ఎవరైనా గరాజు ముందు బండి ఆపి తల గోక్కుంటూ నిలబడితే కాదనడం అతనికి చేతకాదు.

సాగినా అనే నది ఒడ్డున ఇంజిన్ల ఫ్యాక్టరీలో వెండెల్ తన మంచి వయసంతా క్యామ్‌షాఫ్టులు సానపట్టాడు. మూరెడు పైచిలుకు ఇనుపకడ్డీ, దాని మీద వరసగా పదహారు ముక్కులు, ఒక్కోటీ కోడిగుడ్డు మొనలా ఉంటుంది. కడ్డీ తిరుగుతుంటే ఆ మొన తన మీద కూర్చున్న లిఫ్టర్ అనే ఇనుప దిమ్మెను పైకి తోస్తుంది, వాల్వు తెరుచుకుంటుంది, ఇంజిన్ ఊపిరి తీసుకుంటుంది. ఆ మొనను వెంట్రుకవాసి తేడా లేకుండా తీర్చడమే అతని పని. తర్వాత ఫ్యాక్టరీ మూసేశారు, గోడలు కూల్చారు, కంచె వెనక ఇప్పుడు మోకాలెత్తు గడ్డి. ఫ్యాక్టరీ పోయింది గాని, అక్కడ తెచ్చుకున్న వేళ్ల కణుపుల వాపు పోలేదు.

ఆర్లో తలుపు దగ్గరే నిలబడి, ఎండాకాలం మొదలైనప్పటినుంచీ ఇలా కొట్టుకుంటోందని, ఎత్తు ఎక్కమంటే మూలుగుతోందని చెప్పాడు. ఆగస్టులో ఊరి పెద్దవీధిలో పాత బండ్ల ఊరేగింపు ఉంది. జోడీ ఈసారి అందులో తిరగాలని అడిగిందట. జోడీ ఆర్లో భార్య. ఏడాదిగా క్యాన్సర్‌కు మందెక్కించుకుంటోంది. అడిగిన కోరిక ఇదొక్కటే అని అతను అనలేదు గాని, టోపీ తీసి చేతిలో తిప్పుతున్న తీరులో ఆ మాట ఉంది.

మర్నాడు వెండెల్ ఆయిల్ ఫిల్టర్ ఊడదీసి డబ్బా కోయించాడు. లోపలి కాగితం మడతలు విప్పి ఎండలో పట్టుకుంటే, పెళ్లికూతురి బుగ్గల మీద అద్దిన తళుకులా మెరిసింది. ఇనుప రజను. వాల్వుల మీది మూతలు తీసి, ఒక్కో వాల్వు ఎంత లేస్తోందో గేజి పెట్టి చూశాడు. పద్నాలుగు సరిగానే లేచాయి. రెండు మాత్రం, పొద్దున్నే బడికి లేపిన పిల్లల్లా, కొంచెం కదిలి మళ్లీ పడుకున్నాయి. ఇంజిన్ బయటికి లాగి క్యామ్‌షాఫ్ట్ తీస్తే ఆ రెండు మొనలూ అరిగి గుండ్రమైపోయి ఉన్నాయి. వాటి మీది లిఫ్టర్ల అడుగులు గుంటపడ్డాయి. ఆ రజనంతా ఆయిల్లో తిరిగి బేరింగులను గీరేసింది.

కొత్త క్యామ్ ఏడాదిలో ఇలా అరగడానికి వెండెల్‌కు తెలిసి రెండే కారణాలు. బిగించేటప్పుడు మొనలకు నల్ల గ్రీజు పుయ్యకపోవడం ఒకటి. రెండోది, మొదటిసారి స్టార్ట్ చేసినప్పుడు ఇరవై నిమిషాలు ఏకధాటిగా పెద్ద వేగంలో నడపకపోవడం. ఆ హోరులోనే ఆయిల్ కింది నుంచి ఎగిరి మొనల మీద పడుతుంది, ఇనుమూ ఇనుమూ ఒకదానికొకటి అలవాటు పడతాయి. నెమ్మదిగా నడిపితే ఆయిల్ అందక కొరుక్కుంటాయి. మొదటి స్టార్ట్ ఆర్లో వాళ్లింట్లోనే అయింది. ఇరవై నిమిషాల సంగతి వెండెల్ ఫోన్లో మరీమరీ చెప్పాడు, అయిందని ఆర్లో అన్నాడు.

ఇక మిగిలింది గ్రీజు. పూశానా? ఎంత తవ్వుకున్నా వెండెల్‌కు గుర్తు రాలేదు. అంతకుముందు చేసిన ఇంజిన్లకు పూసినవి గుర్తున్నాయి. ఇది మాత్రం ఖాళీ.

శనివారం పొద్దున డోనట్ల కొట్లో పాత ఫ్యాక్టరీ వాళ్లంతా చేరతారు. కబురు అప్పటికే చేరింది. ఒకప్పుడు ఫోర్‌మన్‌గా చేసిన డెల్బర్ట్ కాఫీ కలుపుకుంటూ, వెండెల్‌కు కళ్లద్దాలు మార్చాలా, ఏకంగా వెండెల్‌నే మార్చాలా అని అందరినీ అడిగాడు. అందరూ నవ్వారు. ఆర్లో నవ్వలేదు, డోనట్ తింటూ కూర్చున్నాడు. ఇంటికొచ్చాక వెండెల్ గరాజులో స్టూలు మీద కూలబడ్డాడు. చేతులు అలిసిపోతే ఆపేయవచ్చు, తల అలిసిపోతే ఏం చేస్తారో అతనికి తెలియలేదు.

మార్వా కాఫీ తెచ్చి అతని మొహం చూసి విషయం అడిగింది. చెప్పాడు. ఆమె గోడ మీది తెల్ల ఫోన్ వైపు చెయ్యి చూపించింది.

"అది నేను కిందటి ఆకురాలు కాలంలో కొన్న వారమే డాక్టర్ దగ్గర్నుంచి ఫోనొస్తే ఆ మురికి చేతులతోనే ఎత్తావు. ఎన్నిసార్లు తోమినా పోలేదు. తిట్టాను కూడా. అప్పుడు ఈ ఇంజిన్ తప్ప ఇంకేం చేస్తున్నావు నువ్వు?"

ఫోన్ మీద నాలుగు నల్లటి వేలిముద్రలు అలాగే ఉన్నాయి. ఆ గ్రీజు అంత తేలిగ్గా వదలదు. వెండెల్ లేచి దగ్గరికెళ్లి తన వేళ్లు వాటి మీద ఆనించి చూసుకున్నాడు. తల బాగానే ఉందన్న ఊరట కాసేపే నిలిచింది. గ్రీజు పూసినట్టయితే, తప్పు ఇంకోచోట ఉంది.

సాయంత్రం ఆర్లో వచ్చాడు. వెండెల్ అరిగిన క్యామ్‌ను బల్ల మీద అతని ముందుకు దొర్లించాడు.

"ఎంతసేపు తొక్కి పట్టావురా?"

ఆర్లో అరిగిన మొన మీద బొటనవేలు రాశాడు. "నాలుగైదు నిమిషాలు. జోడీ ముందురోజే మందెక్కించుకుని వచ్చింది. పడగ్గది కిటికీ తెర కదిలింది. నిద్ర చెడగొడుతున్నానే అనిపించింది. కాలు తీసేశా. తర్వాత మెల్లగా ఓ పావుగంట నడిపా."

"అయిందన్నావు కదా నాతో."

"అయిందనే అన్నా. ఎంతసేపని నువ్వడగలేదు."

"మరి డెల్బర్ట్ నన్ను పాత సామాన్లలో వేస్తుంటే నోట్లో డోనట్ పెట్టుకుని కూర్చున్నావేం?"

"అక్కడ చెబితే సాయంత్రానికి జోడీకి చేరుతుంది. తన వల్లే బండి పోయిందనుకుంటుంది. ఇప్పటికే అన్నీ తన వల్లే అనుకుంటోంది, వెండెల్."

వెండెల్ క్యామ్‌ను గుడ్డలో చుట్టి పక్కన పెట్టాడు. తిట్టడానికి కూడా ఓపిక కావాలి. ఆర్లో వెళ్లాక గరాజు దీపం ఆర్పేశాడు.

తర్వాతి శనివారం డెల్బర్ట్ మళ్లీ ఎత్తుకోగానే, గ్రీజు పుయ్యడం నేనే మరిచిపోయాను, వయసు మీద పడింది అని వెండెల్ కప్పులోకి చూస్తూ చెప్పాడు. ఒక్కరూ నవ్వలేదు. నవ్వి ఉంటే బాగుండేదనిపించింది. డెల్బర్ట్ అతని భుజం మీద చెయ్యి వేసి, పెద్దాయనకు చెప్పినట్టు, ఇంక విశ్రాంతి తీసుకో అన్నాడు. ఆర్లో లేచి బయటికెళ్లి తన ట్రక్కులో కూర్చున్నాడు. ఈ సంగతి విని మార్వా రెండు రోజులు వెండెల్‌తో మాట్లాడలేదు.

ఇంజిన్ మళ్లీ మొదలైంది. ప్రతి ముక్కా విప్పి, ఆయిల్ దారుల్లో బ్రష్షులు దూర్చి ఇనుప రజను కడిగారు. బేరింగులు మార్చారు, క్యామ్ మార్చారు. బరువులు ఆర్లో ఎత్తాడు, బోల్టులు వెండెల్ బిగించాడు. గంట పని చేస్తే గంట సోఫా. ఈసారి గ్రీజు పూస్తూ మార్వాను పిలిచి చూపించాడు. చూశాను, సాక్షి సంతకం పెట్టనా అందామె.

మొదటి స్టార్ట్ వెండెల్ గరాజు ముందే పెట్టుకున్నారు. తలకు పూలగుడ్డ కట్టుకుని జోడీ కూడా వచ్చింది. పెడల్ నేను తొక్కుతానంది. ఆర్లో వద్దన్నాడు. ఆమె అప్పటికే సీట్లో కూర్చుంది. ఇంజిన్ ఒక్క తిప్పుకే అందుకుని గర్జించింది. ఆ చిన్న కాలు పెడల్ మీద అలాగే ఉండిపోయింది. పక్కింటి కుక్క ఇంట్లోకి పారిపోయింది. రేడియేటర్ మీద నీళ్ల పైపు పట్టుకుని ఆర్లో ఆమెవైపే చూస్తూ నిలబడ్డాడు. వెండెల్ ముందుకు వంగి, కారుతున్నదేమైనా ఉందా అని చూస్తూ గడియారం వైపు ఓ కన్నేసి ఉంచాడు. అంతసేపూ వంగి ఉండటంతో నడుం మంటెత్తిపోయింది.

గడువు పూర్తయ్యాక చెయ్యి ఊపాడు. హోరు ఆగింది. ఆర్లో నీళ్లు కట్టేయడానికి ఇంటి వెనక్కి వెళ్లాడు.

"గ్రీజు నువ్వు మరిచిపోలేదు కదూ," అంది జోడీ స్టీరింగ్ వదలకుండా.

వెండెల్ గుడ్డతో చేతులు తుడుచుకున్నాడు.

"ఆ రోజు నేను నిద్రపోవడం లేదు. ఆస్పత్రిలో అందరూ గుసగుసలాడి చంపారు. ఇంటికొచ్చి పడుకుంటే ఇది ఇలా అరిచింది. ఎంత హాయిగా ఉందో. ఇంకా బాగా వినపడాలని తెర తీశా. అంతలోనే ఆపేశాడు."

"వాడికి చెప్పలేదా?"

"చెబితే ఇంకో ఏడాది ఏడుస్తాడు. నువ్వూ చెప్పకు."

వెండెల్ తలూపాడు. ఎవరి మాట ఎవరి దగ్గర దాచాలో ఇక రాసి పెట్టుకోవాలేమో అనుకున్నాడు.

ఊరేగింపు రోజు అతను పెద్దవీధికి వెళ్లలేదు, నడుం కదలనివ్వలేదు. అరుగు మీద మడత కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. గరాజు ముందు ఏ బండీ లేదు. డెల్బర్ట్ తన బండి ఇంజిన్‌ను బాగుచేయమని పక్క ఊరి కుర్రాడెవరికో ఇచ్చాడట. ఎన్నేళ్లుగానో కోరుకున్న విశ్రాంతి ఇదే, ఇలా వస్తుందని మాత్రం అనుకోలేదు. మార్వా పక్కన కూర్చుని బఠాణీలు ఒలుస్తోంది.

రెండు వీధుల అవతల బండ్ల రొద మొదలైంది. వెండెల్ కళ్లు మూసుకుని అన్నింటినీ పోనిచ్చాడు. అప్పుడొచ్చింది షెవెల్. ఒక్క టిక్కు కూడా లేదు. మలుపు దగ్గర ఉన్నట్టుండి గొంతెత్తి వీధంతా అదరగొట్టింది.

"ఆర్లోకి మతిపోయిందా?" అంది మార్వా.

"ఆర్లో కాదు," అన్నాడు వెండెల్. "వాడు అంత గట్టిగా తొక్కడు."