లాభం అనగూడని గుడ్డ

ఒట్టు పెట్టమంటావా శీనా... మా ఇంట్లో ఒట్లు పెట్టుకోరప్పా. తాతల నాటి నుంచి చర్చికి పోయేవాళ్లం. అవునంటే అవును, కాదంటే కాదు. ఒట్టు పెట్టినానని తెలిస్తే మా అమ్మ వాత పెడతాది. దయ్యాల మాట ఎత్తితే పాస్టరయ్య ఇంకో వాత. అందుకే ఒట్టు లేకుండానే చెప్తాండా. ఇది జరిగింది. నాకే జరిగింది. రేపు నువ్వు పులివెందుల షాపుకు ట్రాన్స్‌ఫర్ మీద పోతాండావు గాబట్టి చెప్తాండా. లేకుంటే ఈ జమ్మలమడుగు మిద్దె మీద కూర్చుని హాయిగా వేరే మాటలు మాట్లాడుకుండేవాళ్లం.

నేనప్పుడు ప్రొద్దుటూరులో, మన పెద్ద షాపులో. చీరల సెక్షన్. అమ్మేది సీనియర్లు. వాళ్లు పరుపు మీద విప్పి పారేసినవన్నీ పొద్దుగూకినాక మడతలు పెట్టేది నేను. కలలో కూడా చీరలే మడిచేవాణ్ణి. ఒకరోజు యజమాని పిలిచినాడు.

"పులివెందులలో మా బావమరిది కంపెనీ ఉంది. బోర్డు వేరే గానీ ఇల్లు ఒకటే. ఆడ కట్‌పీసు కౌంటరుకు మనిషి కావాల. పోతావా?"

నా కంటే ముందు ఇద్దర్ని అడిగినాడంట. ఇద్దరూ మేం పోం అన్నారు. ఎందుకో నీకు చెప్పాల్నా... ఫ్యాక్షన్ రోజులు. ఎలక్షన్లు దగ్గర పడినాయి. సుమోలు వరసగా వస్తే బస్సు కూడా పక్కకు దిగి నిలబడే కాలం. అయినా నేను ఎగిరి గంతేసినా. కౌంటరప్పా... సొంత కౌంటరు. మడతలు పెట్టేవాడు అమ్మేవాడు అవుతాండాడు. యజమాని ఒకే మాట అన్నాడు. "భయపడి వెనక్కి వచ్చినావంటే మళ్లీ మడతలే." రాను అన్నా.

కొత్త చొక్కా కుట్టించుకుని బస్సెక్కినా. ఎర్రగుంట్ల దగ్గర సిమెంటు లారీల వెనకాల ఆగి ఆగి పోయింది బస్సు. నాకు ఏమీ పట్టలేదు. కిటికీ పక్కన కూర్చుని నాలో నేనే నవ్వుకుంటాండా. ముద్దనూరులో ఎక్కిన పెద్దాయన అడిగినాడు, పెండ్లి చూపులకా అని. కాదు మామా, పులివెందులకు ట్రాన్స్‌ఫర్ అన్నా. "ఈ రోజుల్లో ఆడికి నవ్వుకుంటా పోయే వాణ్ణి నిన్నే చూస్తాండా" అన్నాడు. దానికీ నవ్వినా.

షాపులో సుబ్బరాయుడు మామ ఉన్నాడు. సింహాద్రిపురం దిక్కు మనిషి. ముప్పై ఏండ్లు గుడ్డ చింపిన చెయ్యి. నేను చీరల సెక్షన్ వాణ్ణి గదా, మీటరు కడ్డీ పట్టుకోవడం కూడా రాదు. నాకు కడ్డీ ఇచ్చి నేర్పినాడు. కడ్డీని కౌంటరు మీద పెడితే టక్ మనాల. గుడ్డ లాగాల. అంచుకు కత్తెరతో గాటు పెట్టి ఒక్క ఊపున చర్ర్... మని చింపాల.

"మొదటి మీటరుకు ఒకటి అనగూడదు. లాభం అనాల. లాభం, రెండు, మూడు... అట్ల. ఒక్క పీనుగు గుడ్డకే లాభం అనగూడదు. చావు మీద లాభం యాడిది? దానికి ఒకటే అనాల. తెలిసిందా దాసూ?"

తెలిసింది మామా అన్నా. మధ్యాహ్నమంతా ఉత్త చెయ్యి ఆడిస్తా లాభం, రెండు, మూడు అనుకుంటా తిరిగినా.

సాయంత్రం బజారులో గుసగుసలు. యాడో రెండు పార్టీలోళ్లు ఎదురుపడినారని. టపటపా షట్టర్లు పడినాయి. మామ ఆఖరి బస్సుకు ఊరికి పోతా, "లోపలే పండుకో. తాళం లోపల వేసుకో. ఎవరు పిలిచినా తియ్యాకు" అన్నాడు. మోకాలెత్తు దాకా షట్టరు దించి పోయినాడు. కరెంటు పోయింది. కొవ్వొత్తి ముట్టించి, తాళం కోసం సొరుగులో వెతుకుతాండా.

తల ఎత్తితే... కౌంటరు ముందర ఒకామె.

షట్టరు మోకాలెత్తులో ఉంది శీనా. ఎవరు రావాలన్నా వంగాల, చెయ్యి ఆనించాల, అది గడగడ మనాల. నాకేమీ వినపడలేదు. పెద్దామె. ముతక చీర. కుచ్చిళ్ల దాకా ఎర్రదుమ్ము.

"తెల్లగుడ్డ ఇయ్యి నాయనా. ఎనిమిది మీటర్లు."

నాకు భయం రాలేదు. నిజం చెప్తాండా, సంతోషం వచ్చింది. నా మొదటి బేరమది. తెల్లగుడ్డ తాను దించినా. కడ్డీ పెట్టినా. టక్. గుడ్డ లాగి... గొంతెత్తి "లాభం" అన్నా.

ఆమె కడ్డీ మీద చెయ్యి పెట్టింది.

"ఒకటి అను నాయనా."

...చెయ్యి పెట్టింది గానీ కడ్డీకి బరువు తెలియలేదు. ఒకటి... అన్నా. రెండు అన్నా. ఎనిమిది దాకా కొలిచి చింపినా. తల వంచి మడత పెడతాంటే ఆమె మాట వినపడింది.

"ఉండనీ. మావాళ్లు వచ్చి తీసుకుపోతారు."

చూస్తే లేదు. షట్టరు చప్పుడు కాలేదు. నేను పరుగెత్తి షట్టరు కిందికి లాగి, తాళం వేసి, తాళంచెవి చేతిలోనే పట్టుకుని పరుపు మీద పడినా. గుడ్డ కౌంటరు మీదే ఉంది.

నిద్ర పట్టిందో లేదో... టక్.

కొవ్వొత్తి అయిపోయింది. చీకటి. స్... మని గుడ్డ జారుతాంది. నాకు తెలుసు ఆ చప్పుడు, మధ్యాహ్నమంతా విన్నా గదా. మామ వచ్చినాడేమో అనుకున్నా. తాళంచెవి నా గుప్పిట్లో ఉంది.

"ఒకటి."

మళ్లీ టక్. స్...

"రెండు."

ఆ రెండు దగ్గర తెలిసిపోయింది శీనా... ఆ గొంతు నాది. నోటి మీద చెయ్యి పెట్టుకుని చూసినా. నోరు మూసే ఉంది. చీకట్లో నా గొంతు కొలుస్తాంది... మూడు... నాలుగు... షట్టరు తీసి పారిపోదామంటే బయట సుమోల మోత. పారిపోతే మళ్లీ ప్రొద్దుటూరు, మళ్లీ మడతలు. నవ్వుతావేమో, అంత భయంలోనూ ఆ మాట గుర్తొచ్చింది. పారిపోలేదు. ఎనిమిది అని ఆగిపోయింది. చర్ర్... అనలేదు. అంతకు ముందే నేను చింపిన గుడ్డ గదా.

తెల్లారుతానే షట్టరు మీద గుద్దినారు. తీసినా. నలుగురు. ఒకాయన కండ్లు ఎర్రగా వాచి ఉన్నాయి. తెల్లవారుజామున వాళ్ల మనిషిని నరికేసినారంట, ఊరి బయట.

"తెల్లగుడ్డ. ఎనిమిది మీటర్లు" అన్నాడు.

నా చెయ్యి దానంతట అదే పోయింది మడత పెట్టిన గుడ్డ మీదికి. అంతలో బుర్ర వెలిగింది... చావు ఈ తెల్లవారుజామున. గుడ్డ నిన్న సాయంత్రానిది. ఊరికి కొత్తోడు ముందే చింపి పెట్టుకున్నాడంటే, నీకెవరు చెప్పినార్రా అంటారు. నలుగురూ నా చెయ్యినే చూస్తాండారు. రాత్రి పడిన భయం ఆ భయం ముందర ఎంత... నా చెయ్యి గుడ్డను దాటుకుని పోయి అరలో ఉన్న తాను అందుకుంది. కొత్తగా కొలిచినా. ఒకటి అన్నా. వాళ్లు మారుమాట లేకుండా తీసుకుపోయినారు.

మామ వచ్చినాక అంతా చెప్పినా. ఆమె ఎట్లుండేదో చెప్పినా, ఎర్రదుమ్ముతో సహా.

"అట్లాంటామె ఈ దిక్కున ఇంటికొకరు ఉంటారు దాసూ. మొగోడు కత్తి తీసుకుని బయటికి పోయినాడంటే తల్లికి తెలీదా" అన్నాడు.

దయ్యమైతే దయ్యమే అనుకుందును. మనిషే అయితే... కొడుకు ఇంకా బతికుండంగానే వచ్చి, ఒకటి అను నాయనా అన్నాదా? పోనీ మనిషే అనుకుందాం. మరి చీకట్లో కొలిచిన గొంతు?

ఆ గుడ్డను మామ అటక మీద పెట్టించినాడు. ఎవరికీ కత్తిరించియ్యాకు, దాని మనుషులు వస్తారు అన్నాడు. నేను ఆ షాపులో ఏండ్ల తరబడి చేసినా. మంచి కౌంటరప్పా, బాగా బతికినా. ఎవరూ రాలేదు. వచ్చినోళ్లకు నేను వేరే గుడ్డ ఇచ్చి పంపినా గదా. మరి ఇది ఎవరిది?

నువ్వు సంతోషంగా పో శీనా. భయపడాకు. కౌంటరు నీదే, కడ్డీ నీదే. పోయినాక ఒకసారి నిచ్చెన వేసుకుని అటక మీద చూడు. ఎడమ పక్క, పాత షోకేసు బొమ్మ వెనకాల. ఉంటే ఉందని ఫోన్ చెయ్యి.

లేకుంటే... చెయ్యద్దులే.