సాతాళించిన శనగల్లో జంపర్

ఆ రోజుల్లో కంప్యూటర్‌కి ఇంత తెలివి లేదు. లోపల ఏ కార్డు ఎక్కడ ఉండాలో మనమే చెప్పాలి. మెమరీలో ఒక్కో కార్డుకీ ఒక అడ్రసు. కార్డు మీది పిన్నుల్లో వేటికి శనగబద్దంత నల్ల టోపీ (దాన్నే జంపర్ అనేవాళ్ళం) తొడిగితే ఆ అడ్రసు. రెండు కార్డులకి ఒకే అడ్రసు పడితే రైల్లో ఒకే బెర్తు ఇద్దరికిచ్చినట్టే, గొడవ తేలేదాకా పని సాగదు. రామచంద్రపురంలో మా మావయ్య కొత్తగా పెట్టిన కంప్యూటర్ సెంటర్‌లో ఈ విద్య నాకొక్కడికే వచ్చు. అందుకని నా నడకే మారిపోయింది.

దసరాకి ఆయుధపూజ వచ్చింది. అప్పటిదాకా ఎరువుల కొట్టు నడిపి, ఏటా కాటాకి బొట్టు పెట్టిన మావయ్య, "పైన డబ్బాకి పెడితే ఏం లాభంరా, పనిచేసేది లోపలిది కదా?" అన్నాడు. నాకూ సబబుగానే తోచింది. ఫొటోని లోపలికి తీసుకునే స్కానర్ కార్డూ, పక్క గది కంప్యూటర్‌తో కలిపే నెట్‌వర్క్ కార్డూ ఊడదీసి, తుడిచి, బొట్లు పెట్టి, పళ్ళెంలో సాతాళించిన శనగల పక్కన పడుకోబెట్టాను. హారతి కాగానే మళ్ళీ బిగించేశాను. (చూసి బిగించావా అని అడక్కండి. భక్తిలో ఉన్నాను.)

మంచిరోజని అదే పూట కొబ్బరికాయల వర్తకుడొకాయన, కంప్యూటర్ నేర్పిద్దామని ఇద్దరు కూతుళ్ళతో వచ్చాడు. ఆయన చేరిస్తే వీధంతా చేరుతుంది. లేకపోతే మావయ్యా, వెనకే నేనూ, తిరిగి ఎరువుల కొట్టుకే.

"పెద్దమ్మాయి ఫొటో ఈ స్కానర్లో పెడితే పక్క గదిలో కంప్యూటర్లో కనబడుతుందండి," అన్నాను దర్జాగా. అక్కడ తెర మీద నుదురు వచ్చింది, కళ్ళు వచ్చాయి, ముక్కు దగ్గర ఆగిపోయింది.

"మిగతాదేదండి?"

"వస్తోందండి."

ఆపి మళ్ళీ వేశాను. ఈసారి కనుబొమలే. చిన్నది కిసుక్కుమంది.

"వోల్టేజీ అండి," అన్నాను.

ఆయన పైకి చూసి, "ఫ్యాను బానే తిరుగుతోంది కదండీ?" అన్నాడు.

మావయ్య నావైపు చూసిన చూపులో ఎరువుల బస్తాలు కనబడ్డాయి. అత్తయ్య పరువు కాపాడదామని అందరికీ ప్రసాదం పంచింది. ఆయన రెండు గింజలు నోట్లో వేసుకున్నాడో లేదో, టక్‌మని చప్పుడు.

"శనగల్లో రాయండీ!"

"అయ్యో, నా చేత్తో నేనే ఏరానండి," అని అత్తయ్య మొహం చిన్నబోయింది.

ఆయన అరచేతిలోకి తీశాడు. నల్లగా, చదరంగా, కాస్త తాలింపు అంటుకుని, నా జంపర్! అది ఊడిపోయిన నెట్‌వర్క్ కార్డు వెళ్ళి స్కానర్ అడ్రసులో కూర్చుందన్నమాట.

ఇంకా వోల్టేజీ అనే ధైర్యం లేదు. "రాయి కాదండి, అత్తయ్య తప్పూ కాదు. నాదండి," అన్నాను. కడిగి, చొక్కాకి తుడిచి, పిన్నులకి తొడిగాను. పెద్దమ్మాయి గడ్డంతో సహా పక్క గదిలో ప్రత్యక్షమైంది. పిల్లలిద్దరూ కేరింతలు!

"అయితే శనగలు పెడితేగాని నడవదన్నమాటండి," అంటూ ఆయన ఇద్దర్నీ చేర్పించాడు. మావయ్య మాత్రం ఆ రోజునుంచి నన్ను "ఒరే వోల్టేజీ" అనే పిలిచేవాడు.

ఇప్పుడు కంప్యూటర్లు తమ అడ్రసులు తామే సర్దుకుంటున్నాయి, నా విద్య ఎవరికీ అక్కర్లేదు. అయినా ఏటా దసరాకి ల్యాప్‌టాప్‌కి బొట్టు పెడతాను, పైనే. ప్రసాదం మాత్రం మెల్లగా నములుతాను. పంటికేమైనా తగిలితే బావుణ్ణనిపిస్తుంది.