సొరబుర్ర మమ్మల్ని దాటిపోయిన రోజు

పోయిన నెలలో హైదరాబాదులో మా అబ్బాయి ఇంట్లో ఉండగా ఒక ఆదివారం వాడి స్నేహితులు వచ్చారు. వీళ్లంతా బీరు ప్రియులు. ప్రియులంటే దొరికింది దొరికినట్టు గొంతులో పోసుకునే రకం కాదు. ఎక్కడెక్కడో చిన్న చిన్న చోట్ల కొద్దికొద్దిగా, శ్రద్ధగా తయారుచేసే బీర్లు వెతికి పట్టుకొచ్చి, నెలకోసారి కలుసుకుని, ఎవరికి నచ్చింది వాళ్లు మిగతావాళ్లకు రుచి చూపించే రకం. ఒకతను తెచ్చినదాంట్లో నారింజ తొక్క వాసన ఉందట, ఇంకొకతను తెచ్చింది మాడిన కాఫీ గింజల్లా ఉందట, కాదు మాగిన పనసతొనలా ఉందని మరొకరి వాదన. వినడానికి ముచ్చటగానే ఉంది. అందులో ఒకమ్మాయి తెచ్చింది అందరికీ తెగ నచ్చేసి, ఒకే గ్లాసులో పోసుకుని ఒకరు గుక్క తాగి ఇంకొకరికి అందించుకుంటూ పోయారు, ఎంగిలన్న మాటే లేకుండా. ఆ గ్లాసు చివరికి నా దాకా వచ్చింది. నా చెయ్యి ముందుకు రాలేదు. మా నాన్న తాగరులే అని మావాడు సర్దేశాడు. నేను మానేసి ఎన్నో ఏళ్లయిన మాట నిజమే గానీ, ఆ పూట నేను ఆ పిల్లల ముందు తల ఎత్తలేకపోయింది అందుకు కాదు.

నా ఈడు వాళ్లకు చెప్పక్కర్లేదు, మా రోజుల్లో ఉద్యోగమంటే ఎక్కడ వేస్తే అక్కడికి ట్రంకుపెట్టె మోసుకుపోవడమే. మాది తల్లాడ దగ్గర పల్లె. నాకు పంతులు ఉద్యోగం మొట్టమొదట బూర్గంపాడు అవతల, అడవి అంచు ఊళ్లో వచ్చింది. మా అక్కను ఇచ్చింది కూడా ఆ ఊరే కాబట్టి వంట తిప్పలు తప్పాయి, వాళ్లింట్లోనే మకాం. బావ వాళ్లు కృష్ణా వైపు నుంచి వచ్చి, పొగాకూ మిర్చీ వేసి స్థిరపడ్డవాళ్లు. బావ మంచి మనిషి. ఈ మాట ముందే ఎందుకు చెబుతున్నానంటే, తర్వాత చెప్పబోయేది విన్నాక ఆయన చెడ్డవాడని మీరు అనుకుంటే నాకు సులువైపోతుంది, అది సులువైన సంగతి కాదు.

బావకు ఉన్న ఒకే ఒక్క వ్యసనం జీలుగు కల్లు. జీలుగు తాటికి అడవి చుట్టం లాంటి చెట్టు. గెల కోసి కుండ కడితే రాత్రంతా కారి, తెల్లారేసరికి తేనె కలిపిన కొబ్బరినీళ్ల మాదిరి తియ్యగా ఉంటుంది, పొద్దెక్కేకొద్దీ పులుపూ మత్తూ ఎక్కుతాయి. చలికాలం మొదలైందంటే బావ పొద్దున్నే వాగు దాటి కోయగూడేనికి పోయేవాడు, నన్నూ వెంట లాక్కుపోయేవాడు. అక్కడ చెట్టు కింద గుండ్రంగా కూర్చుని ఆడా మగా అందరూ తాగేవాళ్లు. తాగడం ఒక ఎత్తయితే, దాని మీద నడిచే వాదన ఇంకో ఎత్తు. ఎవరి చెట్టు వాళ్లకు బంగారం. వాగొడ్డు చెట్టు కల్లు నీళ్లు నీళ్లుగా ఉంటుందని గుట్టవాళ్లు, గుట్ట చెట్టు కల్లు నాలుకకు వగరు తగులుతుందని వాగొడ్డువాళ్లు. బావ కళ్లు మూసుకుని ఒక్క గుక్క తాగి, ఇది ఫలానా చెట్టుది, నిన్న కుండ సరిగ్గా పొగబెట్టలేదు అని చెప్పేసేవాడు. ఆయన మాట తప్పయితే గూడెమంతా పగలబడి నవ్వేది, ఒప్పయితే ఇంకా గట్టిగా నవ్వేది. ఆ చెట్ల యజమాని ఒక పెద్దాయన. బావ ఆయన్ను అన్నా అనేవాడు, ఆయన బావను తమ్మీ అనేవాడు.

"తమ్మీ, నీ నాలుక మా గూడెంల పుట్టాల్సింది, దారి తప్పి మీ ఇంట్ల పుట్టింది" అని ఆ పెద్దాయన అన్నప్పుడు బావ మొహం చూడాలి, పెళ్లిలో కూడా అంత వెలిగి ఉండదు.

అయితే మేమిద్దరం గూడేనికి పోయేటప్పుడు సంచిలో రెండు గ్లాసులు ఉండేవి. బూడిదతో తళతళా తోమి అక్క పెట్టి ఇచ్చేది. ఎంత తాగినా తాగండి, వాళ్ల దాంట్లో మాత్రం నోరు పెట్టకండి అనేది ఆమె శాసనం. మా ఇళ్లలో అది శాసనమని కూడా ఎవరూ అనుకోలేదు, పొద్దున్నే మొహం కడుక్కోవడం లాంటిదే. అన్నా అని పిలిపించుకున్న ఆ పెద్దాయన మా ఇంటికి వస్తే అరుగు కిందే నిలబడేవాడు, అక్క చెంబు ఎత్తి దోసిట్లో మంచినీళ్లు పోసేది, అది చూస్తూ నేను అరుగు మీద కూర్చుని పిల్లల కాపీలు దిద్దుకునేవాణ్ని. గూడెంలో మామూలు రోజుల్లో ఎవరి ఆకు దొప్ప వాళ్లకు ఉండేది కాబట్టి, మాకు దొప్పల బదులు గ్లాసులు, అంతే అన్నట్టు ఎవరూ పట్టించుకోలేదు, లేక పట్టించుకున్నా పైకి అనలేదు.

గుట్ట వాలులో పెద్దాయన కుర్రతనంలో నాటిన జీలుగు ఒకటి ఉండేది. దానికి గెల వేసిన సంగతి ముందు కనిపెట్టింది బావే. కొత్త చెట్టు మొదటిసారి గీసిన రోజు వాళ్లకు పండగ. ఆ రోజు ఆకు దొప్పలుండవు. మొదటి ధార చనిపోయిన పెద్దల పేర్లు చెప్పి నేల మీద పోస్తారు, ఆ తర్వాత ఎండిన సొరకాయ బుర్ర ఒక్కటే, అందరికీ అదే, చేతి నుంచి చేతికి పోతుంది. ఆ బుర్రకు నోరు పెట్టినవాడు ఆ చెట్టు మనిషి. ఆపైన వాడు ఏ పూట వచ్చినా తమవాడే. బయటివాళ్లను ఆ వలయంలో కూర్చోబెట్టరు. అట్లాంటిది పెద్దాయన స్వయంగా మా ఇంటికి వచ్చి, అరుగు కింద నిలబడి, బావను రమ్మని పిలిచాడు. బావది ఆ వారమంతా చేలో పనివాళ్లతో కూడా అదే మాట. నన్ను వాళ్లల్లో కలుపుకుంటున్నార్రా అని నాతో ఎన్నిసార్లు అన్నాడో.

ఆ పొద్దున కొత్త పంచె కట్టుకుని వెళ్లాడు. సంచి మామూలుగానే నా భుజానికి ఉంది. నేలకు పోయడం అయింది, బుర్ర పెద్దాయన దగ్గర మొదలై, ఆయన భార్య తాగి, ఆయన తమ్ముడు తాగి బావ ముందుకు వచ్చింది. అప్పటికే బావ సంచిలోంచి గ్లాసు తీసి పట్టుకుని ఉన్నాడు. "ఇందులో పొయ్యన్నా" అని నవ్వుతూ ముందుకు చాచాడు. ఆచారం ఆయనకు తెలియక కాదు, దాని గురించే వారమంతా మాట్లాడాడు. తెలియడం వేరు, చేతికి పట్టిన అలవాటు వేరు. గుక్క తాగి మూతి తుడుచుకుంటున్న ఆ తమ్ముడి చెయ్యి అక్కడే ఆగిపోయింది. పెద్దాయన లేచి వచ్చి బుర్ర అందుకుని, గ్లాసు అంచు దాకా పోశాడు. నా వైపు తిరిగాడు. నా చేతిలోనూ గ్లాసే. దాంట్లోనూ పోశాడు. బుర్ర మా ఇద్దర్నీ దాటి అవతలి మనిషికి వెళ్లిపోయింది.

బావకు అప్పుడు కూడా పూర్తిగా తట్టలేదు. తాగి, ఇంత చిక్కటి కల్లు ఈ గుట్టల్లోనే లేదన్నాడు. ఎవరో ఒకరు కాదంటారు, మా చెట్టు ముందు ఇదెంత అంటారు, వాదన మొదలవుతుందని చుట్టూ చూశాడు. "అవ్ దొరా" అన్నాడు పెద్దాయన. మిగతావాళ్లు తలలూపారు. తమ్మీ పోయి దొర వచ్చాడని మాకు ఇద్దరికీ ఒక్కసారే అర్థమైంది. నా గ్లాసులో మిగిలింది తాగలేను, పారబొయ్యలేను.

మర్నాటి నుంచి కల్లు కుండ మా గుమ్మంలోకే రావడం మొదలైంది. పెద్దాయన ఎవరో ఒకరిచేత పంపేవాడు, ఒక్క పూట తప్పలేదు. కోపం తెచ్చుకున్నవాళ్లు కల్లు పంపిస్తారా అని అక్క సంబరపడింది, గూడెం దాకా పోయే శ్రమ తప్పిందని కూడా అంది. బావ కొన్నాళ్లు తాగాడు. ఇంట్లో కూర్చుని తాగుతుంటే ఇది ఏ చెట్టుదని ఎవరూ అడగరు, చెబితే నవ్వేవాళ్లూ లేరు. తర్వాత తర్వాత కుండ పెరట్లో కుడితి తొట్టిలో ఒంపడం నేను చూశాను. ఆయనా నన్ను చూశాడు.

మరుసటి చలికాలం గూడెంలో ఇంకో కొత్త చెట్టు మొదటిసారి గీసిన పొద్దున నన్ను లేపి పోదాం పదరా అన్నాడు. సంచి తీయబోతే వద్దన్నాడు. అక్కకు చెప్పకుండా, చేతులూపుకుంటూ వాగు దాటాం. మమ్మల్ని చూసి వలయంలో వాళ్లంతా లేచి నిలబడ్డారు. బావ నేల మీద కూర్చోబోతుంటే పెద్దాయన మంచం తెప్పించి వేయించాడు, దాని మీద దుప్పటి పరిపించాడు. లోపలికి పోయి ఆకులో చుట్టిపెట్టిన కొత్త స్టీలు గ్లాసులు రెండు తెచ్చి, మా కళ్ల ముందే కడిగాడు.

"మీకోసమే సంతల కొన్నం దొరా. ఇంకెవ్వరం ముట్టలే" అన్నాడు.

ఆ మాటలో ఎత్తిపొడుపు లేదు. ఉంటే బతికిపోయేవాళ్లం. బావ బుర్ర వైపు చూశాడు, నోరు తెరిచాడు, తనకూ ఆ బుర్రే ఇమ్మని అడుగుతాడనే నేను అనుకున్నాను. అడగలేకపోయాడు. అడిగితే వాళ్లు ఇచ్చేవాళ్లేమో, ఇవ్వకపోయినా తప్పు లేదు. మంచం మీద కూర్చుని ఆ కొత్త గ్లాసులతో తాగి, వాళ్లు దండాలు పెడితే తిరిగి పెట్టి వచ్చేశాం. వాగు మధ్యలో ఆగి, "తిట్టినా బాగుండేదిరా" అన్నాడు బావ. మళ్లీ ఆయన ఆ గూడెం వైపు వెళ్లలేదు, ఎక్కడా కల్లు ముట్టలేదు. ఊళ్లోవాళ్లు మనిషి బాగుపడ్డాడని మెచ్చుకున్నారు.

బావా లేడు, ఆ పెద్దాయనా లేడు. ఇప్పుడు భద్రాచలం పోయే దారిలో కార్లు ఆపుకుని జనం జీలుగు కల్లు తాగుతున్నారు, ప్లాస్టిక్ సీసాల్లో ఇంటికి పట్టుకుపోతున్నారు, ఏ గుట్టది బాగుంటుందో ఫోన్లలో చెప్పుకుంటున్నారు. నేనూ ఆ మధ్య ఒకచోట ఆగాను, తాగడానికి కాదు. అమ్ముతున్నది కోయ కుర్రవాడే, చదువుకున్నవాడిలా ఉన్నాడు. నా తెల్లజుట్టు చూసి చప్పున లేచి, తన కుర్చీ నాకు వేసి, "కూసోండి సార్" అని తాను పక్కన నిలబడ్డాడు. ఆ మర్యాద ఎంత దూరం నుంచి వస్తున్నదో ఆ పిల్లవాడికి తెలియదు. కూర్చోకుండా ఉండలేక, కూర్చోనూ లేక, అక్కడే తల వంచుకుని నిలబడిపోయాను.