మేడం గారు తెరవని క్యారేజీ

మేడం గారు పోయారన్న మాట ఏలూరులో, ఆవిడ గది ముందే విన్నాను. అప్పుడు నా చేతిలో మా అబ్బాయి రిపోర్టు ఉంది; తీసుకోవడానికి నేనొక్కణ్ణే వెళ్ళాను. పేగు శుభ్రంగా ఉంది, ఏమీ లేదని డాక్టరు గారు చెప్పగానే, డెబ్బై మూడేళ్ళ వాణ్ణి, ముందు ఆవిడకే చూపించాలని జామకాయల సంచితో గబగబా మెట్లు దిగాను. చీటీలు రాసే అమ్మాయి నా సంచి వంక చూసి, "మేడం గారు మంగళవారం పోయారండీ" అంది.

ఆసుపత్రిలో ఎవరేం తినాలో చెప్పే మేడం ఆవిడ. కిందటేడు మా అబ్బాయి పేగులోంచి చిన్న కణుతులు తీశారు. వాడిది కొల్లేరు పక్కన చేపల చెరువు మీద కాపలా పని. గట్టు మీద పాకలోనే వంట. మలబద్ధకంతో నెత్తురు పడుతున్నా నెలల తరబడి మాకు చెప్పలేదు. ఏడాది తర్వాత మళ్ళీ పరీక్ష చేయాలని, ఈలోగా తిండిలో పీచు పెరగాలని డాక్టరు గారు మమ్మల్ని ఆవిడ దగ్గరికి పంపారు.

అందరికీ ఒకే కాగితం ఇచ్చే మనిషి కాదావిడ. ఎవరైనా సరే, రోజూ తినే క్యారేజీ తెచ్చి మూత తీసి చూపించాలి. పళ్ళు లేని ముసలమ్మకి మెత్తగా ఉడికిన తోటకూర పప్పు, రోజంతా బస్సులో నిలబడే కండక్టరుకి జేబులో పట్టే జామకాయ. "పక్కవాళ్ళకి చెప్పింది మీరు తినకండి" అనేవారు.

మా వాడి క్యారేజీలో మల్లెపువ్వులాంటి అన్నం, చేపల పులుసు. ఆ బియ్యం తాడేపల్లిగూడెం దగ్గర మా చేలో పండినవేనని, మిల్లులో రెండుసార్లు పాలిష్ పట్టించానని గొప్పగా చెప్పాను. చేపలకేం వేస్తావని ఆవిడ మా వాణ్ణి అడిగారు. తవుడండీ, చిల్లుల బస్తాలో పోసి గెడకి కట్టి నీళ్ళలోకి దించుతాం అన్నాడు.

"బాగుందండీ బాబాయ్ గారూ. తవుడు చేపలకి, తెలుపు మీ అబ్బాయికి."

క్యారేజీ మూత నేనే పెట్టేశాను.

ఒక్క పాలిష్ బియ్యం, గుప్పెడు నానబెట్టిన పెసలు, బీరకాయ తొక్కు పచ్చడి, దండిగా నీళ్ళు. పాకలో కుదిరేవే చెప్పారు. నేనే ఆత్రం కొద్దీ గుప్పెడికి మూడు గుప్పెళ్ళు పెట్టించాను. నాలుగో రోజుకి వాడి పొట్ట ఉబ్బిపోయింది. మళ్ళీ కణితేనేమోనని, ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా బస్సులో ఏలూరు వెళ్ళాం. భయం లేదని డాక్టరు గారు చెప్పాక ఆవిడ నన్ను మందలించారు. "చేపపిల్లలకి మొదటి రోజే తవుడు బస్తా మొత్తం కట్టేస్తారా?" అరగుప్పెడుతో మళ్ళీ మొదలెట్టించారు. ఇది మందు కాదని, ఎంత బాగా తిన్నా పరీక్ష మానొద్దని ప్రతిసారీ చెప్పేవారు.

అలా చెబుతుండగానే చూశాను. బల్ల చివర ఆవిడ స్టీలు క్యారేజీ. మధ్యాహ్నం మూడు దాటినా మూత తీయలేదు. మరుసటి నెలా అంతే. గాజులు మోచేతి దాకా జారుతున్నాయి. ఒకసారి మాట మధ్యలో పొత్తికడుపు పట్టుకుని, కళ్ళు మూసుకుని, కాసేపు ఆగిపోయారు. భోంచేయలేదేమండీ అన్నాను. బయట ఇంకా జనం ఉన్నారుగా అని నవ్వారు.

బయటికి వచ్చాక మా వాడు, "నాన్నా, నేనూ అలాగే పట్టుకునేవాణ్ణి" అన్నాడు.

వెనక్కి వెళ్ళి ఆ మాట చెప్పాల్సింది. ఆవిడకి మనం చెప్పేదేమిటిలే అని బస్సెక్కేశాను. "పేగులో కణితేనటండీ, ఆలస్యంగా చూపించుకున్నారు" అని ఇప్పుడు చీటీల అమ్మాయి చెబుతుంటే, గుమ్మంలోంచి ఖాళీ బల్ల కనబడింది.

నా ఆనందం తగ్గిందంటే అబద్ధమవుతుంది. నా కొడుకు నాకు దక్కాడు; ఊరంతా పిలిచి చెప్పాలని ఉంది. దక్కించిన వాళ్ళలో ఆవిడ ఒకరు. ఆవిడ క్యారేజీ మూత తీయమని అడిగినవాళ్ళే లేరు.

మర్నాడు పొద్దున్న చెరువు మీదికి వెళ్ళి మా వాడికి చెప్పాను. వాడు తవుడు బస్తా గెడకి కట్టి నీళ్ళలోకి దించాడు. గట్టు మీద కూర్చుని క్యారేజీ మూత తీసి, తినకుండా, ఎదురుగా ఎవరికో చూపిస్తున్నట్టు రెండు చేతులతో పట్టుకున్నాడు. బస్తా చుట్టూ చేపలు మూగి నీళ్ళు నల్లగా కదులుతున్నాయి.