కుంకుమ అంటిన టేపు

మా మేడమ్ గారు పోయారు. ఆదివారం పొద్దున పటమటలో, చర్చికి బయల్దేరుతూ గుమ్మంలోనే కూలిపోయారు. మర్నాడు గవర్నర్‌పేటలోని మా కంప్యూటర్ సెంటర్లో సంతాపసభ పెట్టి, యజమానిగారు ఆవిడని ‘శాంతమూర్తి’ అన్నారు. అందుకే ఇది రాస్తున్నాను. ఆవిడ శాంతమూర్తి కాదు. అయ్యుంటే ఒక మిల్లు కూలీలంతా తమ సర్వీసు పోగొట్టుకుని ఉండేవాళ్లు.

ఆవిడ మా సెంటరుకి పెద్ద ఆఫీసరు. మద్రాసులో చదివొచ్చారు. టీ పూర్తిగా చల్లారితే గానీ తాగరు. కోపం వస్తే కళ్లజోడు తీసి బల్లమీద పెట్టేవారు. అది చూడగానే మేం తలుపు వైపు జరిగేవాళ్లం. నా జేబులో కరపత్రాలు కనబడితే, “ఏవోయ్ విప్లవం, చదివింది చాల్లే, టేపెక్కించు” అనేవారు. నాకు ఒళ్లు మండేది.

పోయినేడు ఆయుధపూజకి మా హెడ్ ఆపరేటర్ బాబాయిగారు మిషన్లన్నిటికీ పసుపూ కుంకుమా పెట్టారు. ఏటా జరిగేదే. మేడమ్ గారు క్రిస్టియన్లయినా కొబ్బరిచెక్క అడిగి మరీ పుచ్చుకునేవారు. ఆసారి భక్తి ఎక్కువై, బాబాయిగారు మిషను సమాచారం దాచుకునే ఒక టేపుచుట్ట కొస లాగి, దాని మీద కూడా తడి కుంకుమ పెట్టేశారు. ఆ టేపులో ఉన్నది డెల్టాలోని ఒక మిల్లు కూలీల సర్వీసు. ఎవరు ఏ యేడు చేరారు, ఎంతకాలం పనిచేశారు అన్నది. పర్మనెంటు చెయ్యాలంటే అదొక్కటే ఆధారం. టేపుకెక్కాక పాత కాయితాలని మిల్లువాళ్లు తూకానికి అమ్మేశారు.

ఏ సమాచారం ఎక్కడుందో చెప్పే పట్టిక టేపు మొదట్లోనే ఉంటుంది. మిషనుకెక్కించగానే కుంకుమ సరిగ్గా దాన్నే గీరేసింది. మిషను చదవనంది.

“మూఢభక్తితో కూలీల నోట్లో మట్టి కొట్టారు!” అని నేను బాబాయిగారి మీద విరుచుకుపడ్డాను. ఆయన మూల నిలబడి ఏడుస్తున్నారు.

“ఉపన్యాసం తర్వాత. దూదీ స్పిరిటూ పట్రా,” అన్నారు మేడమ్ గారు. “బాబాయిగారూ, మీరు ఏడిస్తే టేపు ఇంకా తడుస్తుంది. ఇటొచ్చి పట్టుకోండి.”

ఇంతలో మిల్లు మేనేజరు నవ్వుతూ వచ్చాడు. “పోతే పోయిందిలెండి మేడమ్. పోయిందని ఓ సంతకం పెట్టివ్వండి. అందర్నీ కొత్తగా చేర్చుకున్నట్టు రాసుకుంటాం.” పక్కనే మా యజమాని కలం మూత తీసి పట్టుకున్నారు.

కళ్లజోడు బల్లమీదికి వచ్చింది.

“మిషను ‘లేదు’ అంటే దానికి దొరకలేదని అర్థమండీ. పోయిందని కాదు. వెతక్కుండా నేను సంతకం పెట్టను.”

“మీ ఉద్యోగం సంగతి కూడా ఆలోచించుకోండమ్మా,” అన్నారు యజమాని.

“ఆలోచించాను. మీరిద్దరూ వెలుతురుకి అడ్డంగా ఉన్నారు, కాస్త బయట కూర్చోండి.”

టేపు ఎక్కడ మొదలో మిషనుకి తెలిసేందుకు ఒక చిన్న వెండిరంగు బిళ్ల అంటించి ఉంటుంది. పాడైన మేర దాటి, శుభ్రమైన చోట ఆవిడ కొత్త బిళ్ల అంటించారు. మిషను అదే మొదలనుకుని చదివింది. వెంటనే నకలు తీయించారు. “అసలుతో ఆటలొద్దు, కుస్తీ అంతా నకలుతోనే” అన్నది ఆవిడ మాట.

పట్టిక లేదు గనక అచ్చయి వచ్చిందంతా ఉత్త అంకెల గుట్ట. ఏది కూలీ టోకెను నంబరో, ఏది చేరిన యేడో తెలీదు. ఆవిడ మిల్లు నించి ఒక కూలీ మనిషిని పిలిపించారు. ఆమె టోకెను నంబరుని గుట్టలో వెతికి పట్టుకుని, పక్కనున్న అంకెలు చూపిస్తూ, “ఇది నువ్వు చేరిన యేడేనా?” అని అడిగారు.

“మా పెద్దోడు పుట్టిన యేడండీ, ఎట్టా మర్చిపోతాను!” అందామె.

ఆ ఒక్క వరుస అర్థమయ్యాక మిగిలిన వరుసలన్నీ అదే పద్ధతిలో విడిపోయాయి. అప్పుడు పెట్టారు మేడమ్ గారు సంతకం, అచ్చయిన ప్రతి కాయితం మీదా. మిల్లు దిగొచ్చింది. మా యజమాని ఆవిడ ప్రమోషన్ ఆపేశారు. ఆవిడ ఎందుకని అడగలేదు. నేను అడుగుతున్నాను. సంతాపసభలో ఆ ముక్క ఎందుకు రాలేదు?

సమాధుల తోటకి కూలీలందరూ వచ్చారు. చేరిన యేడు ప్రకారం వరుస కట్టారు, పాతవాళ్లు ముందు. “నా తర్వాత చేరావు, నా ఎనకే నిలబడవే” అని ఒకామె ఇంకొకామెని మోచేత్తో నెట్టింది. ఒక్కొక్కరే గుప్పెడు మన్ను వేసి కదులుతున్నారు. వరుస గేటు దాటి రోడ్డు మీదికి పోయింది. మిల్లు కారు పూలదండతో వచ్చి ఆగింది, దారిమ్మని హారన్ కొట్టింది. మళ్లీ కొట్టింది. ఎవరూ పక్కకి జరగలేదు.